అడిగింది కట్నమా, బోరు ఖర్చా?

వరకట్న మరణం కేసుల ఎఫ్ఐఆర్‌లలో ‘అదనపు కట్నం’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. విచారణలో ఆ మాటను విప్పి చూస్తే లోపల ఉండేది వేరు. అనంతపురం పల్లెల్లో అయితే బోరు. రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోదానికి మీ నాయన్ని అడుగు అంటారు. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ వీసా ఖర్చు. ఇంకోచోట ఆటో కంతులు, ఇంటి స్లాబు. అమ్మాయి చనిపోయి, భర్తకు శిక్ష పడి, కేసు హైకోర్టుకు అప్పీలుకు వెళ్లాక భర్త తరపు లాయరు సాధారణంగా పట్టుకునేది ఇక్కడే: అది కట్నం కాదు, అవసరానికి అల్లుడు మామను సాయం అడిగాడంతే.

ఈ వాదన ఇవాళ్టిది కాదు. అడిగేదాని పేరు మారినప్పుడల్లా చట్టం దాని వెనక పరుగెత్తిన కథ ఇది.

ఒకప్పుడు రాయలసీమలో చాలా కులాల్లో మగపెళ్లివారే ఆడపిల్ల తండ్రికి ‘ఓలి’ ఇచ్చుకునేవారు. తరాలు మారేసరికి డబ్బు ఎదురు దిశలో నడవడం మొదలైంది. కట్నం అన్నది ఒక్క మాటే కాదు. లాంఛనాలు, ఆడపడుచు కట్నం, సారె, పసుపు కుంకుమ కింద పొలం, ప్రొద్దుటూరులో కొనే తులాల బంగారం లెక్క. ఇందులో ఏది మనసారా పెట్టింది, ఏది అడిగితే పెట్టింది అన్నది ఆ ఇంటివాళ్లకే సరిగ్గా తెలియదు. కోర్టుకేం తెలుస్తుంది?

కట్నాన్ని నిషేధించడంలో మనం ముందున్నాం, కనీసం కాగితం మీద. ఆంధ్రప్రదేశ్ వరకట్న నిషేధ చట్టం 1958లోనే వచ్చింది. 1961లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసి, మనదాన్నీ, బీహారు 1950లో చేసుకున్నదాన్నీ రద్దు చేసింది. ఆ కేంద్ర చట్టంలో ఓ పెద్ద కంత ఉండేది. ‘పెళ్లికి ప్రతిఫలంగా’ ఇచ్చినదే కట్నం అన్నారు. పెళ్లయ్యాక అడిగింది పెళ్లికి ప్రతిఫలం ఎలా అవుతుంది? ఆ కంతలోంచి ఎంతోమంది బయటపడ్డారు.

1970లలో వీధుల్లో కదలిక వచ్చింది. 1974లో హైదరాబాదులో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ కట్నం మీద పోరాడింది. దశాబ్దం చివరికి ఢిల్లీలో కోడళ్ల కాలిన చావుల మీద ఊరేగింపులు జరిగాయి. దాంతో చట్టాలు వరసగా మారాయి. 1983లో భార్యను భర్తా, అత్తింటివాళ్లూ హింసించడాన్ని నేరం చేసే 498-ఎ సెక్షన్ ఐపీసీలోకి వచ్చింది. 1984లో ‘ప్రతిఫలంగా’ పోయి ‘పెళ్లికి సంబంధించి’ వచ్చింది. 1986లో ‘పెళ్లి తర్వాత ఎప్పుడైనా’ అని చేర్చారు. అదే ఏడాది వరకట్న మరణాన్ని నేరంగా చెప్పే 304-బి వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో, దెబ్బలతోనో, మామూలుగా కాని మరే రకంగానో భార్య చనిపోవాలి. చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించినట్టు రుజువు కావాలి. ఈ రెండూ ఉంటే ఆ చావుకు కారణం వేధించిన భర్త, అత్తింటివాళ్లేనని కోర్టు అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది వాళ్లే. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి ఇదే నేరం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 80. నంబరు మారింది గానీ కట్నం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇప్పటికీ 1961 చట్టాన్నే తెరవాలి.

అందుకే గొడవ తీరలేదు. 2007లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇంటి ఖర్చులకో, ఎరువు కొనడానికో అడిగిన డబ్బు కట్నం కాదంది. ఎరువు! సేద్యం చేసుకునే ఇంట్లో ఎరువుకు డబ్బు లేకపోవడం ప్రతి ఏడూ ఉండేదే. ఆ లెక్కన అనంతపురం బోరుకు కూడా మినహాయింపు దొరికినట్టే కదా. 2011లో పాల వ్యాపారానికి మోటార్‌సైకిల్ అడిగిన హర్యానా కేసులో అదే కోర్టు దాన్ని కట్నమే అంది. చివరికి 2015లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2007 తీర్పు సరికాదని చెప్పింది. భార్య మరణంతో సంబంధమున్న డిమాండు ఏదైనా, పరిస్థితులు వేరుగా చూపితే తప్ప, పెళ్లికి సంబంధించిందేనని తేల్చింది. 2022లో జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఇల్లు కట్టుకోవడానికి అడిగిన డబ్బునూ ఇందులోనే చేర్చింది.

మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక పాత కేసు ఇంకా మెలిక పెట్టింది. తండ్రి పెళ్లిలో కూతురికి పసుపు కుంకుమగా పొలం, ఇంటి స్థలం రాసిచ్చాడు. వాటిని తన పేర మార్చమని భర్త వేధించాడు. ఆమె విషం తాగి చనిపోయింది. అడిగింది కొత్త కట్నం కాదు, ఆమెకు ముందే ఇచ్చిన ఆస్తి కాబట్టి 304-బి నిలవదంది సుప్రీంకోర్టు. ఆత్మహత్యకు పురిగొల్పినందుకు మాత్రం శిక్ష వేసింది. న్యాయశాస్త్రం ప్రకారం సరే కావచ్చు. పొలం కోసం పీడించడం కట్నం కోసం పీడించడం కాదంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

కట్నం సంగతి తేలినా, చంపారా, ఆమే చనిపోయిందా అన్నది మరో చిక్కు. హత్య అభియోగం ఒక్కటే పెట్టి, అది వీగిపోయాక నేరుగా 304-బి కింద శిక్ష వేయడం కుదరదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే ఒకదాంట్లో రుజువు భారం పోలీసులది, ఇంకోదాంట్లో అది ముద్దాయి మీదికి మళ్లుతుంది. 2010లో 304-బితో పాటు హత్య అభియోగం కూడా మామూలుగా చేర్చమంది. 2013లో ఆధారం లేకుండా యాంత్రికంగా చేర్చొద్దని సర్దిచెప్పింది.

కాలిన కేసుల్లో అంతా మరణ వాంగ్మూలం చుట్టూ తిరుగుతుంది. కర్నూలు పెద్దాసుపత్రికైనా, కడప రిమ్స్‌కైనా ఒంటినిండా కాలిన మనిషిని తెస్తే డ్యూటీ డాక్టరు మేజిస్ట్రేటుకు కబురు పంపుతారు. మేజిస్ట్రేటు వచ్చి బంధువులందర్నీ బయటికి పంపుతారు. పేరేమిటి, ఏ ఊరు, పిల్లలెంతమంది అని అడుగుతారు. అవి వివరాల కోసం కాదు, ఆమె స్పృహలో ఉందో లేదో చూసుకోవడానికి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంటారు. వేళ్లు కాలిపోతే కాలి బొటనవేలి ముద్ర. చిక్కు ఏమిటంటే, అత్తింటివాళ్లు పక్కన ఉన్నప్పుడు పోలీసుకు ‘స్టవ్ పేలింది’ అని, అమ్మానాన్న వచ్చాక మేజిస్ట్రేటుకు ‘ఆయనే నిప్పంటించాడు’ అని చెప్పిన సందర్భాలు ఉంటాయి. ఏది నమ్మాలన్నదే అప్పీలు. డాక్టరు ధ్రువీకరణ లేకపోతే వాంగ్మూలం చెల్లదని 1999లో మన రాష్ట్రపు కేసులోనే తీర్పు వచ్చింది. 2002లో ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని పక్కనపెట్టి, ఆమె చెప్పగల స్థితిలో ఉందని మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే చాలంది.

పెద్దమనుషులు పంచాయితీ చేసి రాయించిన బాండు పేపరూ ఒక సాక్ష్యమే. ‘ఇకమీదట బాగా చూసుకుంటాను’ అని భర్త చేసిన సంతకం, కింద నలుగురి సంతకాలు. వేధింపు ఎప్పటిదో చూపించే తేదీ దాని మీద ఉంటుంది. ‘చావుకు కొద్దికాలం ముందు’ అంటే సరిగ్గా ఆ ముందురోజని కాదని, వేధింపుకూ చావుకూ సజీవమైన లంకె ఉండాలని 2021 తీర్పు చెప్పింది. ఆ లంకె తెగకుండా పట్టి ఉంచేది చాలాసార్లు ఈ కాగితమే. కోర్టులో సంతకందారులు మాట మార్చి ఎదురు తిరిగితే అదీ పోతుంది. ఒకే ఊరు, ఒకే కులం, ఎదురు తిరగడానికి ఒత్తిడి చాలు.

దేశంలో 2022లో నమోదైన వరకట్న మరణాల కేసులు 6,450. కేసు వీగిపోతే ఒకప్పుడు అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. 2009 డిసెంబరు 31 నుంచి అమలైన సవరణతో బాధితులే నేరుగా అప్పీలు వేసుకోవచ్చు. కూతురు పోయిన తల్లిదండ్రులకు ఇది చాలా పెద్ద మార్పు, కానీ ఊళ్లలో ఎంతమందికి తెలుసంటారా? తెలిసినా హైకోర్టు అమరావతి నేలపాడులో ఉంది. కోస్తా, సీమ నాయకుల 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాజధానో హైకోర్టో ఒకటి సీమకు అన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చి మూడేళ్లకే పోయింది. కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆదోని పక్క పల్లె నుంచి ఒక తండ్రి తీర్పు కాపీ సంచిలో పెట్టుకుని వాయిదాకు వెళ్లిరావాలంటే దారిలోనే రెండు రోజులు కూలి పోతుంది.