అమ్మ బుగ్గలు ఎందుకు మండుతున్నాయి?

ప్రియమైన పిల్లలకు,

కడుపుతో ఉన్న అమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టబోతే "వద్దు కన్నా, మండుతోంది" అని ముఖం పక్కకు తిప్పుకుందా? అది మీ మీద కోపం కాదు. ఈ నెలల్లో కొందరికి ముఖం పొడిబారి, కందిపోయి, ఏది తగిలినా చురుక్కుమంటుంది. ఎందుకలా అవుతుందో మీకు తెలిస్తే ఆమెకు సాయం చేయగలరు. మీ ఇంట్లో అమ్మ కాకపోతే పిన్నో, అత్తో, అక్కో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడతారు.

మన చర్మంలో అన్నిటికంటే పైనున్న పొర ముఖం మీద మిల్లీమీటరులో సుమారు 50వ వంతు మందం ఉంటుంది, అంతే. ఇటుకల మధ్య సున్నం పట్టి ఉన్నట్టు ఆ పొరలోని కణాల మధ్య సన్నని కొవ్వు పట్టి ఉంటుంది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా కాపాడేది ఆ కొవ్వే. సబ్బు, దుమ్ము, ఘాటైన వాసనలు లోపలికి దిగకుండా అడ్డుకునేదీ అదే. అది తగ్గిపోతే చర్మం బిగుసుకుపోయి పొట్టు రేగుతుంది. ఒక్కోసారి మామూలు నీళ్లు తగిలినా మంట పుడుతుంది.

కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు అమ్మ ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు బాగా పెరుగుతాయి. రక్తం పరిమాణం కూడా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. చర్మానికి ఎక్కువ రక్తం చేరి ముఖం త్వరగా వేడెక్కుతుంది, ఎర్రబడుతుంది. అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ముఖం జిడ్డుగా మారి మొటిమలు వస్తాయి, కొందరికి ఎండిపోతుంది. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధి, ఉబ్బసం వంటివి ఉన్నవారికి దురద ఎక్కువగా ఉండవచ్చు. పైగా చలికాలమైతే హైదరాబాదు వంటి పీఠభూమి ఊళ్లలో గాలి పొడిగా ఉంటుంది. విశాఖ వంటి సముద్రపు ఊళ్లలో అంత తెలియదు. సబ్బు సరిగ్గా నురగ రాని బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ సబ్బు ముఖాన తెట్టులా మిగిలి ఇంకా ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. అలాంటి ముఖానికి కావలసింది కొత్తగా ఇంకేదో పూయడం కాదు, పూసేవి తగ్గించడం. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ గురించి సైన్సు పాఠంలో చదివి ఉంటారు. చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణంతో, 5కు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు స్నానపు సబ్బు క్షారగుణంతో 9, 10 దాకా ఉంటుంది. అది మురికితో పాటు ఆ కొవ్వునూ కడిగేస్తుంది. అందుకే ముఖానికి సబ్బు మాని, గోరువెచ్చని నీళ్లు, అవసరమైతే సువాసనలు కలపని మృదువైన క్లెన్సర్ వాడితే చాలు. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దాలి. ఆ తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లో, సువాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. ఆ సీసా తెచ్చి చేతికందించే పని మీరు చేయవచ్చు.

ఏమీ దొరక్కపోతే పెట్రోలియం జెల్లీ పలుచగా రాసినా మేలే. దాని వెనుక ఒక మంచి కథ ఉంది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా చమురు బావుల దగ్గర కార్మికులు యంత్రాలకు పట్టిన మైనం లాంటి పదార్థాన్ని కోతలకు, కాలిన గాయాలకు రాసుకోవడం రాబర్ట్ చీజ్‌బ్రో అనే రసాయన శాస్త్రవేత్త చూశాడు. దాన్ని శుద్ధి చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. అదే వాసెలిన్. అది చర్మానికి నీరు ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు.

సున్నిపిండి అంటే నాకు ప్రాణం. పండగ పూట నలుగు పెట్టని ఇంట్లో నేను పెరగలేదు. అయినా చెబుతున్నాను, ఎండిపోయిన ముఖానికి అది ఇప్పుడు వద్దు. పిండి నూనెను పీల్చేస్తుంది, రుద్దుడు పొరను లేపేస్తుంది. నిమ్మరసం అసలే వద్దు. అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చలు పడవచ్చు. నుదుట దురద వస్తుంటే బొట్టుబిళ్ల వెనుక జిగురును అనుమానించాలి. సీమంతంలో పసుపు, గంధం ముఖమంతా పూయకుండా, చేతులకు రాసి దీవించమని వచ్చిన ముత్తయిదువులకు ముందే చెప్పవచ్చు.

బుగ్గల మీద, నుదుట గోధుమరంగు మంగు మచ్చలు వస్తే కంగారుపడి తెల్లబరిచే క్రీములు కొంటారు. ఇది ప్రమాదం. అలాంటి కొన్నిటిలో పాదరసం బయటపడింది. పాదరసం కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయను దాటి బిడ్డకు చేరి మెదడుకు హాని చేస్తుంది. కొన్నిటిలో స్టెరాయిడ్లు అనే ఘాటైన మందులు ఉంటాయి. డాక్టరు చీటీ లేకుండా అనేక స్టెరాయిడ్ పూతమందులు అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. మొటిమలకు వాడే రెటినాయిడ్ మందులు కూడా గర్భిణులు వాడకూడదు. మంగుకు ఎండ తగలకుండా చూసుకోవడమే మొదటి మందు. గొడుగు, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ మంచివి. కాన్పు తర్వాత చాలామందికి మచ్చలు నెలల మీద తగ్గుతాయి.

ఇంటికి వచ్చినవాళ్లు "ముఖం కళ తప్పింది, ఆడపిల్లే" అంటుంటారు. నమ్మకండి. ఆడో మగో గర్భం నిలిచిన క్షణంలోనే తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి తేలిపోతుంది. అమ్మ బుగ్గలకు ఆ సంగతి తెలియదు. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ రంగు మారదు. ఈ మాటలు వింటూ అద్దం ముందు నిలబడిన అమ్మ ఎంత నొచ్చుకుంటుందో నాకు బాగా తెలుసు. మీరు మాత్రం ఆమె ముఖం గురించి వ్యాఖ్యానించకండి.

చివరగా ఒక ముఖ్యమైన విషయం. నెలలు నిండుతున్న అమ్మకు ఒంటి మీద దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడుతూ, రాత్రిపూట ఎక్కువవుతుంటే అది పొడిచర్మం కాకపోవచ్చు. కాలేయం సరిగా పనిచేయక రక్తంలో పైత్యరసపు ఆమ్లాలు పెరిగినప్పుడు అలా అవుతుంది, బిడ్డకూ ప్రమాదం. రక్తపరీక్షతో తెలుస్తుంది. అమ్మ అలా గోక్కుంటూ కనిపిస్తే నాన్నకో అమ్మమ్మకో వెంటనే చెప్పండి. ఆ రోజే డాక్టరుకు ఫోను చేయమనండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ