‘డ్యాంప్’ అంటే తడి కాదు, చెమ్మ

ఇంటి సామాన్లతో వచ్చే యూజర్ మాన్యువల్స్‌ని తెలుగులోకి తేవడం నా పని. పెద్ద సాంకేతిక పదాలకంటే ‘డ్యాంప్’ లాంటి చిన్న మాటల దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

అపోహ: డ్యాంప్ అన్నా వెట్ అన్నా తడే.

వాస్తవం: కొత్తలో నేనూ ‘టీవీని తడిగుడ్డతో తుడవండి’ అనే రాశాను. ఆ ముక్క అమ్మకు చదివి వినిపిస్తే, గుడ్డను బకెట్లో ముంచి పైకెత్తి “ఇలాగేనా?” అంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. అప్పటి నుంచి ‘తడిపి, గట్టిగా పిండిన గుడ్డ’ అని రాస్తున్నాను. ముట్టుకుంటే చల్లగా తగలాలి, చుక్క రాలకూడదు. అదీ డ్యాంప్.

అపోహ: దీనికి తెలుగులో సరైన మాట లేదు.

వాస్తవం: చెమ్మ ఉందిగా! వానాకాలంలో గోడకు పట్టేది, ఆరీ ఆరని బట్టల్లో మిగిలేది, మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బాలో చేరేది చెమ్మే. మేస్త్రీలు ‘డ్యాంప్ కొట్టింది’ అంటున్నా, మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘గోడ చెమ్మెక్కింది’ అంటారు. ఎంత చక్కటి మాట! అయితే కళ్లు చెమ్మగిల్లాయి అన్నచోట ఇంగ్లీషులో ‘మాయిస్ట్’ బాగా కుదురుతుంది. డ్యాంప్‌లో చాలాసార్లు కాస్త చిరాకు ఉంటుంది, మాయిస్ట్‌లో ఉండనక్కర్లేదు. మెత్తటి కేకు మాయిస్ట్. వాన పడ్డాక విత్తడానికి అనువుగా ఉన్న నేలా అంతే, దాన్నే మన రైతులు పదును అంటారు.

అపోహ: విశాఖ ఎండాకాలం డ్యాంప్‌గా ఉంటుంది.

వాస్తవం: అది ఉక్కపోత, హ్యూమిడ్. వాతావరణం డ్యాంప్‌గా ఉందంటే సాధారణంగా చలి కూడా ఉన్నట్టు.

అపోహ: డ్యాంప్ ఎక్కడున్నా నీటి సంగతే.

వాస్తవం: ఒకరి ఉత్సాహాన్ని ‘డ్యాంపెన్’ చేయడమంటే మన భాషలో నీళ్లు చల్లడమే, అక్కడివరకు నీళ్లున్నాయి. కానీ ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం ఆవిరి, వాయువు. జర్మన్‌లో ‘డాంఫ్’ అంటే ఇప్పటికీ ఆవిరే. బ్రిటన్ బొగ్గు గని కార్మికులు మీథేన్ అనే మండే గ్యాస్‌ను ‘ఫైర్‌డ్యాంప్’ అన్నారు. దీపం మంటకు అది పేలకుండా ఉండాలనే 1815లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రక్షణ దీపం తయారుచేశాడు. గని భద్రత గురించిన ఒక కాగితం దిద్దడానికి నా దగ్గరకు వచ్చింది. అందులో ఫైర్‌డ్యాంప్‌ను ‘అగ్ని తేమ’ అని రాశారు. తేమే కదా అని కార్మికుడు ధైర్యంగా ఉంటే? గుండె ఝల్లుమంది. కొట్టేసి ‘మండే గ్యాస్, మీథేన్’ అని రాశాను.