వాదన వ్యాసం: ఎదుటివారి మాట రాస్తే మార్కులు పోతాయా?

విజయవాడలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వాదన వ్యాసం నేర్పుతున్న నాకు ఏటా తల్లిదండ్రుల సమావేశంలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సార్, మన అభిప్రాయానికి వ్యతిరేకమైన మాట కూడా రాస్తే మార్కులు కోస్తారటగా?" ఆ అడగడంలోని ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కానీ ఈ పుకారును ట్యూషన్ల చుట్టూ తిప్పేవారి మీద మాత్రం సహనం నశిస్తోంది, ఎందుకంటే వ్యాసరచనలో పిల్లలకు ఇంతగా నష్టం చేస్తున్న అపోహ మరొకటి లేదు.

ప్రతివాదాన్ని మనం దాచినంత మాత్రాన దిద్దేవారికి అది తట్టకుండా పోదు. దానికి జవాబు కాగితం మీద కనిపించకపోతే, విద్యార్థి ఆ కోణం ఆలోచించలేదనో, ఆలోచించినా సమాధానం దొరకలేదనో అనుకోవలసి వస్తుంది. మన శాస్త్ర సంప్రదాయంలో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పి, దాన్ని ఖండించిన తరువాతే సిద్ధాంతాన్ని నిలబెట్టేవారు. మన కృష్ణాతీరంలోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధ తాత్త్వికుడు ఆచార్య నాగార్జునుడు, తన విగ్రహవ్యావర్తని గ్రంథంలోని 70 కారికల్లో (శ్లోకాల్లో) మొదటి 20 కారికలను ఎదుటివారి ఆక్షేపణలకే ఇచ్చాడు.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్లాస్టిక్ సంచుల నిషేధాన్ని సమర్థిస్తూ వ్యాసం రాసింది. ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారని, చేతిసంచుల మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నిబంధన అదే ఏడాది డిసెంబరు 31న అమల్లోకి వచ్చిందని శ్రద్ధగా సేకరించింది. ఆ తరువాత పేరాల నిండా "ప్లాస్టిక్ భూతం", "భావితరాల భవిష్యత్తు" తప్ప సంచులు ఇచ్చేవారి మాట ఒక్కటీ లేదు. పటమట రైతుబజారులో కూరలమ్మేవారిని అడిగి రమ్మన్నాను. "కవరు లేదంటే పక్క కొట్టుకు పోతారమ్మా, నా బేరం పోద్ది" అని ఒకావిడ చెప్పిందట. మరునాడు ఆ అమ్మాయి దిగులుగా వచ్చి, "ఆవిడ చెప్పింది నిజమే కదా సార్, ఇక నా వ్యాసం పనికిరాదా?" అని అడిగింది. నిజమే అయితే నిజమేనని రాసి, అక్కడినుంచి ముందుకు వెళ్ళమన్నాను.

ఆమె ఇలా రాసింది: "బేరం పోతుందన్న చిరువ్యాపారుల భయం న్యాయమైనదే. అయితే ఒక కొట్టులో అమలైన నిబంధన పక్క కొట్టులో అమలు కానందువల్లనే ఆ నష్టం కలుగుతోంది. బజారు మొత్తానికి ఒకేసారి వర్తింపజేస్తే కొనేవారు పక్క కొట్టుకు పోవలసిన అవసరం ఉండదు." ఈ మూడు వాక్యాలతో ఆమె ప్రతిపాదన కూడా మారింది, ఉత్త "నిషేధించాలి" అన్నది "బజారంతటా ఒకే రోజు నుంచి అమలు చేయాలి, ద్వారం దగ్గర గుడ్డసంచులు దొరికేలా చూడాలి" అయింది. ఆ పాత భూతాలను నేను కొట్టివేయకుండానే ఆమె తనంతట తానే తీసేసింది.

మార్కులు పోయే సందర్భం ఒకటి లేకపోలేదు. ప్రతివాదాన్ని ప్రస్తావించి, జవాబు చెప్పకుండా "ఏది ఏమైనా" అంటూ ముగింపులోకి దూకితే వ్యాసం నిజంగానే దెబ్బతింటుంది. ఎవరూ అనని బలహీనమైన మాటను ఎదుటివారికి అంటగట్టి ఖండించినా అంతే. ఎదుటిపక్షం వారు చదివి "మేమన్నది ఇదే" అని ఒప్పుకునేలా రాయాలి, ఆ తరువాతే జవాబివ్వాలి.

మిగిలిన అపోహలకు ఇంత చర్చ అక్కరలేదు. రెండు పక్షాలూ రాయడమంటే గోడమీద పిల్లిలా ఉండటం కాదు, మొదటి పేరాలోనే మన పక్షం తేలిపోవాలి. పేజీలు కొలిచి మార్కులు వేస్తారన్నది వట్టి మాట. సూక్తి వాదానికి అలంకారమే గాని ఆధారం కాదు. గైడులోని వ్యాసం బట్టీపడితే, ప్రశ్న కాస్త మారేసరికి చేతిలో ఏమీ మిగలదు.

తరగతిలో నోరు విప్పని పిల్లలు వాదన రాయలేరన్న భయం మాత్రం చాలామంది తల్లులను పీడిస్తోంది. కాగితం మీద ఎవరూ మధ్యలో అడ్డురారు, తడబడితే కొట్టివేసి మళ్ళీ రాసుకోవచ్చు. అందుకే అలాంటి పిల్లలు తరచు బాగా రాస్తారు. వారిచేత నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడిపించి, ఎడమపక్క తమ కారణాలు, కుడిపక్క ఒక్కొక్క కారణానికి ఎదురయ్యే అభ్యంతరం రాయిస్తాను. కుడిపక్క ఖాళీగా ఉన్న కారణాన్ని ఆ గడి నిండేవరకు వ్యాసంలోకి రానివ్వను.