భాషలు ఎవరి కోసం, సూచనలు ఎవరి కోసం

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు కృపలో మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. వేసవి యువజన కూడికల నుంచి వచ్చాక మీలో కొందరు అడిగిన ప్రశ్నకు జవాబుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. "భాషలు రాకపోతే మాలో పరిశుద్ధాత్మ లేనట్టేనా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా అన్యభాషల్లో, అంటే తాము నేర్చుకోని భాషల్లో ఆత్మ ప్రేరణతో, ప్రార్థిస్తుంటే మౌనంగా మోకరించిన పిల్లల మనసు ఎంత చిన్నబోతుందో నాకు తెలుసు. ఆ దిగులుతో ఏళ్ల తరబడి తమ రక్షణనే అనుమానించుకున్న పెద్దవాళ్లనూ చూశాను. కాబట్టి ఎవరో చెప్పిన మాట పక్కన పెట్టి, బైబిల్లో ఏముందో కలిసి చూద్దాం.

అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయం తెరవండి. పస్కా తర్వాత యాభయ్యో రోజున వచ్చే పెంతెకొస్తు పండుగకు యెరూషలేములో దూరదేశాల యూదులు చేరి ఉన్నారు. పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, కప్పదొకియ వాళ్లు, ఐగుప్తు వాళ్లు, రోమా నుంచి వచ్చినవాళ్లు, క్రేతీయులు, అరబీయులు అంటూ లూకా పెద్ద జాబితాయే ఇచ్చాడు. పరిశుద్ధాత్మతో నిండిన యేసు శిష్యుల నోట, ఆ గలిలయ మనుషుల నోట, వీళ్లలో ప్రతి ఒక్కరూ తాము పుట్టి పెరిగిన భాషలో దేవుని గొప్ప కార్యాలు విన్నారు. ఆ రోజు ఆశ్చర్యపోయింది విన్నవాళ్లు. కొందరు తాగి ఉన్నారంటూ వెక్కిరిస్తే, ఇంకా ప్రొద్దుపొడిచి జామైనా కాలేదని పేతురు లేచి జవాబు చెప్పాడు. దేవుడు తన ఆత్మను అందరి మీద కుమ్మరిస్తాడన్న యోవేలు ప్రవచనం నెరవేరిందని వివరించి, వెంటనే యేసు మరణ పునరుత్థానాల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ప్రసంగంలో ఎక్కువ భాగం యేసు గురించే. ఆ రోజు బాప్తిస్మం పొందిన దాదాపు 3,000 మంది భాషలతో మాట్లాడారని లూకా రాయలేదు. వాళ్లు అపొస్తలుల బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో, ప్రార్థనలో నిలిచారని రాశాడు.

ఇప్పుడు పదో అధ్యాయానికి రండి. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఎక్కువ వెలుగిచ్చిన చోటు ఇదే. కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఉన్నాడు. యూదుడు అన్యజనుల, అంటే యూదులు కానివాళ్ల, ఇంట అడుగుపెట్టడమే తప్పుగా చూసే రోజులవి. పేతురు యొప్పే నుంచి ఆరుగురు సహోదరులను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. యేసును గురించి చెబుతున్నాడు, మాట ఇంకా పూర్తి కాలేదు, అంతలోనే విన్నవారందరి మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. వాళ్లు భాషలతో మాట్లాడుతూ దేవుణ్ని ఘనపరిచారు. అప్పుడు విభ్రాంతి చెందింది ఎవరు? పేతురుతో వచ్చిన సున్నతి పొందిన విశ్వాసులు, అంటే యూదు విశ్వాసులు. ఈ అన్యులకు కూడా దేవుడు తన ఆత్మను ఇచ్చాడా అని వాళ్లు నివ్వెరపోయారు.

తర్వాత యెరూషలేములో పేతురును నిలదీశారు: అలాంటివాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో కలిసి ఎలా తిన్నావని. పేతురు జరిగిందంతా వరుసగా చెప్పి, మనకిచ్చిన వరమే దేవుడు వాళ్లకూ ఇచ్చినప్పుడు అడ్డుపడడానికి నేనెవరిని అన్నాడు. నిలదీసినవాళ్లు ఇక ఏమీ అనలేక దేవుణ్ని మహిమపరిచారు. చూశారా, పిల్లలూ! ఆ ఇంట్లో భాషలు వినిపించింది కొర్నేలీ ఎంత ఆత్మీయుడో కొలవడానికి కాదు. ఇంతవరకూ దూరంగా ఉంచిన మనుషులను ఇకపై ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టుకోవాలని పేతురు వెంట వచ్చినవాళ్లకు రుజువు కావాలి. దేవుడు ఆ రుజువు ఇచ్చాడు. సూచన ఎవరి నోట వచ్చినా, అది చూసేవాళ్ల కోసం, వినేవాళ్ల కోసం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కుల్లో చాలా వరకు విడిపోతాయి.

ఎఫెసులో ఇంచుమించు పన్నెండు మంది భాషలతో మాట్లాడారని 19వ అధ్యాయంలో ఉంది. ఫిలిప్పీలో లూదియ, అదే ఊరి చెరసాల నాయకుడు, ఎడారి దారిలో రథమెక్కి వెళుతున్న ఐతియొపీయుడు కూడా నమ్మి బాప్తిస్మం పొందారు. వాళ్ల విషయంలో భాషల ప్రస్తావనే లేదు. చెరసాల నాయకుడు ఆ రాత్రే తన చెరలో ఉన్న పౌలు సీలల గాయాలు కడిగి, ఇంటికి తీసుకువెళ్లి భోజనం పెట్టాడు, ఇంటివారందరితో కలిసి ఆనందించాడు. అతనిలో ఆత్మ పని జరగలేదని ఎవరనగలరు?

కొరింథు సంఘం సంగతి వేరు. అక్కడ భాషల వరం ఉంది, దాంతో పాటు గొడవా ఉంది. వరం ఉన్నవాళ్లు తమను ఒక మెట్టు పైన నిలబెట్టుకున్నట్టు పౌలు రాసిన తీరును బట్టి అర్థమవుతుంది. "అందరూ భాషలతో మాట్లాడుతున్నారా?" అని ఆ సంఘానికి రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయం చివర ఆయన అడిగాడు. అడిగిన తీరులోనే జవాబు ఉంది: లేదు, అందరూ మాట్లాడరు. 14వ అధ్యాయంలో ఇంకా వివరంగా చెప్పాడు. భాషతో ప్రార్థించేవాడు దేవునితో మాట్లాడుతున్నాడు, తనకు క్షేమాభివృద్ధి కలుగుతుంది, దాన్ని కొట్టిపారేయవద్దు. మీ అందరికంటే ఎక్కువగా నేనే భాషలతో మాట్లాడుతున్నాను అని కూడా అన్నాడు. అయినా సంఘంలో పదివేల మాటలు భాషతో పలకడం కంటే ఇతరులకు బోధపడేలా అయిదు మాటలు చెప్పడమే తనకు ఇష్టమన్నాడు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అది కూడా ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, ఒకరు అర్థం చెప్పాలి, అర్థం చెప్పేవాళ్లు లేకపోతే మౌనంగా ఉండి దేవునితోనే మాట్లాడుకోవాలి. ఇంత స్పష్టమైన కట్టడి ఉండగా వందమంది ఒకేసారి మైకుల్లో గొంతెత్తే కూడికలు దేన్ని అనుసరిస్తున్నట్టు? ఈ మాట నొప్పితోనే రాస్తున్నాను.

అదే అధ్యాయం 22వ వచనం చాలామందిని తికమక పెడుతుంది. భాషలు అవిశ్వాసులకు సూచన అని అక్కడ ఉంది. ఆ వెంటనే, అందరూ భాషలతో మాట్లాడుతుండగా అవిశ్వాసి లోపలికి వస్తే మీకు వెర్రి పట్టిందనుకుంటాడని ఉంది. రెండూ ఎలా పొసుగుతాయి? పౌలు దానికి ముందు యెషయా 28వ అధ్యాయంలోని మాట ఎత్తి చూపాడు. ప్రవక్త తేటగా చెప్పిన మాటను హేళన చేసిన ప్రజలతో దేవుడు ఇకపై పరదేశుల నోట, అంటే అష్షూరు సైనికుల నోట, మాట్లాడతానన్నాడు. వినని చెవికి అర్థం కాని భాష తీర్పు గుర్తుగా నిలిచింది. నాకు అర్థమైనంతవరకు పౌలు ఉద్దేశం ఇది: బోధపడని మాటతో బయటివాణ్ని దూరం చేసి, తీర్పు కింద ఉన్నవాడిలా వెనక్కి పంపకండి. బోధపడే మాట చెప్పండి, అతని హృదయ రహస్యాలు బయటపడతాయి, సాగిలపడి దేవుణ్ని ఆరాధిస్తాడు.

మన దేశంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1906లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, అజూసా వీధిలో, విలియం సేమూర్ నడిపిన కూడికల నుంచి, భాషల వరానికి పెద్దపీట వేసే పెంతెకొస్తు ఉద్యమం లోకమంతా పాకింది. అక్కడ భాషల అనుభవం పొందిన ఆల్‌ఫ్రెడ్ గార్ తనకు దేవుడు బెంగాలీ ఇచ్చాడని నమ్మి, 1907లో భార్యతో కలకత్తా వచ్చాడు. తీరా వస్తే ఆ మాటలతో బెంగాలీలకు ప్రకటించడం సాధ్యం కాలేదు. ఆయన విశ్వాసం వదులుకోలేదు, భాషల వరం పనికి వచ్చేది ప్రార్థనకూ ఆరాధనకూ అని తన అభిప్రాయం మార్చుకుని సేవలో కొనసాగాడు.

అదే కాలంలో పూణె దగ్గర కేడ్గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905 నుంచి గొప్ప ఉజ్జీవం వచ్చింది, అక్కడి ఆడపిల్లల్లో కొందరు భాషలతో ప్రార్థించారు. రమాబాయి వాళ్లను ఆపలేదు. అయితే పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి అన్నిటికంటే అవసరమైన గుర్తు ప్రేమేనని, మిగతా వరాలను తోసిపుచ్చకూడదని 1907లో రాశారు. ఆవిడే హెబ్రీ, గ్రీకు నేర్చుకుని, ఏళ్ల తరబడి కూర్చుని, బైబిలును సామాన్యులకు తెలిసే మరాఠీలోకి అనువదించారు. 1922లో కన్నుమూసే ముందు ఆ పని ముగించారు. ఆత్మ పని అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ అనువాదపు బల్ల దగ్గర గడిచిన సంవత్సరాలే.

మిగతా సూచక క్రియల, అంటే అద్భుతాల, గురించి కూడా నాలుగు మాటలు. కానాలో యేసు నీళ్లను ద్రాక్షారసం చేసినప్పుడు శిష్యులు ఆయనలో విశ్వాసముంచారు. యోహాను తన సువార్త 20వ అధ్యాయంలో, యేసే క్రీస్తు అని మీరు నమ్మి జీవం పొందాలనే ఈ సూచనలు రాశానన్నాడు. సమరయలో సీమోను, చేతులుంచి పరిశుద్ధాత్మను ఇచ్చే శక్తిని డబ్బుతో కొనబోతే పేతురు తీవ్రంగా గద్దించాడు. స్వస్థతకు వెల కట్టేవాళ్లు ఎదురైతే ఆ సంగతి ఉన్న అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయం చదవండి. పౌలు ఎంతోమందిని స్వస్థపరిచాడు కానీ, తన సహచరుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచివచ్చాడు. కాబట్టి ప్రార్థన చేయించుకోండి, మందులు మాత్రం మానవద్దు. మార్కు 16లో పాములను ఎత్తి పట్టుకోవడం గురించి ఒకరు అడిగారు. మెలితే ద్వీపంలో పౌలు వర్షంలో, చలిలో పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే పాము వచ్చి చేయి పట్టింది. ఆయన దాన్ని వెతుక్కుంటూ పోలేదు.

ఈ వరాలు అపొస్తలుల కాలంతో ఆగిపోయాయని కొన్ని సంఘాలు, నేటికీ ఉన్నాయని మరికొన్ని నమ్ముతాయి. నాలుగో శతాబ్దం చివరినాటికే, ఇవి ఒకప్పుడు జరిగేవి, ఇప్పుడు జరగడం లేదని ఆనాటి పేరున్న బోధకుడు యోహాను క్రిసోస్తము తన ప్రసంగంలో అన్నాడు. దేవుని చేతులు కట్టివేసే హక్కు మనకు లేదని నేను నమ్ముతాను. భాషలతో మాట్లాడడాన్ని ఆటంకపరచవద్దని పౌలు చెప్పాడు, దాని పక్కనే "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అనీ చెప్పాడు. రెండూ నేను పాటిస్తాను. ఆ వరం ఉన్న స్నేహితుణ్ని ఎగతాళి చేయకండి. లేనివాళ్లను తక్కువగా చూడకండి.

వచ్చే కూడికలో ఎవరైనా ఒకే మాటను వేగంగా పదేపదే పలకమని, అలా పలికితే భాషలు వచ్చేస్తాయని ఒత్తిడి చేస్తే, గౌరవంగానే "మా పెద్దలతో మాట్లాడతాను" అని చెప్పి పక్కకు రండి. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం అంటూ ఆత్మ ఫలాన్ని గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు చెప్పాడు. ఈ వారం 1 కొరింథీయులకు 12, 13, 14 అధ్యాయాలు మధ్యలో ఆపకుండా ఒకేసారి కూర్చుని చదవండి. ప్రవచన వరం గురించి అడిగిన ప్రశ్నకు వచ్చే ఉత్తరంలో జవాబిస్తాను.

ప్రభువులో మీ తాతయ్య