నీళ్లకింద అడవి: కెల్ప్ పోయిన కథ, చెప్పినవాళ్ల కథ

విజయవాడలో సముద్రం అనగానే మంగినపూడి, సూర్యలంక, ఆదివారం చేపల మార్కెట్ అంతే కదా గుర్తొచ్చేవి. 2022లో జిల్లాలు విడగొట్టాక గుంటూరు జిల్లాకి అసలు తీరమే లేదు, ఎన్టీఆర్ జిల్లాకీ లేదు. అలాంటిచోట కూర్చుని సముద్రం అడుగున అడవులు చచ్చిపోతున్నాయంటే ఎవరికైనా ఎందుకు పడుతుంది? కానీ ఆ అడవుల పక్కనే పుట్టి పెరిగినవాళ్లకే చాలాకాలం వాటి సంగతి పట్టలేదు, ఈ కథలో నన్ను బాగా కదిలించింది అదే.

కెల్ప్ అంటే చల్లటి సముద్రాల్లో రాళ్లని పట్టుకుని పెరిగే పెద్ద గోధుమరంగు నాచు. జెయింట్ కెల్ప్ అయితే అన్నీ కలిసొస్తే రోజుకి 60 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, 30 మీటర్ల ఎత్తు దాటిపోతుంది. కాలిఫోర్నియా, చిలీ, దక్షిణాఫ్రికా, టాస్మానియా తీరాల్లో ఉంటుంది, మన బంగాళాఖాతంలో నీళ్లు వెచ్చన కాబట్టి ఇక్కడ ఈ అడవులు లేవు. 1834లోనే డార్విన్ దక్షిణ అమెరికా కొసన దీన్ని చూసి, ఏ దేశంలోనైనా నేలమీద అడవి పోతే చచ్చే జీవాలకంటే ఈ కెల్ప్ పోతే చచ్చేవి చాలా ఎక్కువ అని రాశాడు. అప్పటికే నాశనం మొదలైపోయింది.

1741లో రష్యా నుంచి అలాస్కా వైపు వెళ్లిన బేరింగ్ యాత్ర నుంచి 1742లో తిరిగొచ్చిన నావికులు సీ ఆటర్ (సముద్రపు నీటికుక్క) తోళ్లు తెచ్చారు, ఆ బొచ్చుకి వచ్చే డబ్బు చూసి వేటగాళ్లు ఎగబడ్డారు. కెల్ప్ తిని బతికే స్టెల్లర్ సీ కౌ అనే పెద్ద జంతువు 1768కల్లా పూర్తిగా మాయం, కనిపెట్టిన ఇరవయ్యేడేళ్లకే. ఆటర్ల వేట ఆపడానికి దేశాలు 1911లో ఒప్పందం చేసుకునేసరికి అవి కొద్దిపాటే మిగిలాయి. ఆటర్ పోతే ఏమవుతుంది? అది తినే సీ అర్చిన్లు, ముళ్లబంతుల్లా ఉంటాయి చూడండి, అవి విపరీతంగా పెరిగి కెల్ప్‌ని మొదలుకంటా కొరికేస్తాయి, మిగిలేది బోడిరాళ్లు. అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో ఆటర్లున్న చోటు, లేని చోటు పోల్చి 1974లో శాస్త్రవేత్తలు దీన్ని చూపించారు, అయినా ఆ సంగతి చాలామటుకు చదువుకున్నవాళ్ల మధ్యే తిరిగింది.

తర్వాత దెబ్బమీద దెబ్బ. 2013 నుంచి అర్చిన్లని తినే సన్‌ఫ్లవర్ స్టార్‌ఫిష్‌లు రోగమొచ్చి కుళ్లిపోయాయి, దాని వెనకున్న బ్యాక్టీరియా ఏదో 2025లో గానీ తేలలేదు. ఆ వెంటనే 2014-16లో పసిఫిక్ నీళ్లు వేడెక్కాయి, ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్ అనే ఇంకో రకం 90 శాతం పైగా పోయింది. టాస్మానియాలో జెయింట్ కెల్ప్ పరిస్థితీ దాదాపు అంతే.

దీనికి కాస్త ముందే దక్షిణాఫ్రికాలో క్రెయిగ్ ఫాస్టర్ అనే సినిమాలు తీసే ఆయన, మనసు బాగా అలిసిపోయి, కేప్‌టౌన్ దగ్గర చల్లటి నీళ్లలో రోజూ ఈదడం మొదలుపెట్టాడు. 2012లో ఇంకొకరితో కలిసి కెల్ప్ అడవి కథలు చెప్పే సీ చేంజ్ ప్రాజెక్ట్ పెట్టారు, 2020లో ‘మై ఆక్టోపస్ టీచర్’ డాక్యుమెంటరీ వచ్చింది, 2021లో ఆస్కార్ కొట్టింది. ఒక్క ఆక్టోపస్‌తో ఒక్క మనిషి స్నేహం, అంతే కథ, కానీ దాంతో కెల్ప్ అడవి ఎక్కడెక్కడి ఇళ్లలోకో వచ్చేసింది. సినిమా చూస్తే అర్చిన్లు తగ్గవు, నిజమే, వాటిని డైవర్లే దిగి ఏరాలి, ల్యాబుల్లో స్టార్‌ఫిష్‌లని పెంచాలి. కానీ ఆ పనికి డబ్బు, మనుషులు, ప్రభుత్వం మీద ఒత్తిడి రావాలంటే ముందు ఆ అడవి జనానికి తమది అనిపించాలి, అందుకే కథ చెప్పడాన్ని కూడా నేను సంరక్షణ పనిలోనే లెక్కేస్తాను.

మనకి కెల్ప్ లేదు, మడ అడవి ఉంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట బావురుపిల్లులు, నీటికుక్కలు తిరిగే అడవి. రొయ్యల చెరువుల కోసం అది ఎంత నరుక్కుపోయారో దివిసీమ, నిజాంపట్నం వైపు పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. 1977 ఉప్పెన చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మాటలు ఇప్పుడే రికార్డ్ చేసి పెట్టాలి. పొన్నెకల్లు నాజర్ గారు బుర్రకథతో ఊళ్లకి ఊళ్లని కదిలించిన ప్రాంతం మనది, ఆ డక్కీ, ఆ తంబురా పట్టుకుని మడ అడవి కథ స్కూళ్లలో చెప్పేవాళ్లెవరైనా ముందుకొస్తే పిల్లల్ని పోగుచేసే పని నేను చూసుకుంటా.