క్రైస్తవులమని చెప్పుకునేవారు ఎందుకు తగ్గారు: అంకెల వెనుక ఉన్న చరిత్ర

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021లో జరిగిన జనగణనలో తమది క్రైస్తవ మతమని రాసినవారు 46.2 శాతం. మతాన్ని గురించిన ప్రశ్నను అక్కడి ఆధునిక జనగణనలో మొదటిసారి చేర్చిన 2001లో వారు 71.7 శాతం, 2011లో 59.3 శాతం ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2011లో 61 శాతంగా ఉన్న క్రైస్తవులు 2021 నాటికి 44 శాతానికి తగ్గారు. ప్యూ పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం అమెరికాలో వారి వాటా 2007లో 78 శాతం ఉండగా 2023–24లో 62 శాతం. ఈ అంకెలన్నీ ఒకచోట చూసినవారికి, రెండు దశాబ్దాల్లో కోట్లమంది దేవుణ్ణి వదిలేశారనిపించడం సహజమే. అయితే చరిత్ర అంత సూటిగా లేదు. ఈ దేశాల్లో క్రైస్తవుడనిపించుకోవడం ఎంతోకాలం పాటు ఒక్క విశ్వాసానికే సంబంధించిన విషయం కాదు. పెళ్లి, చదువు, పదవి, ఇరుగుపొరుగులో మర్యాద కూడా దానితో ముడిపడి ఉండేవి. ఆ ముడులు ఒక్కొక్కటే విడిపోతూ వచ్చాక, విశ్వాసం లేనివారికి ఆ పేరుతో పని లేకుండా పోయింది. పేరు వదులుకోవడం మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది.

ఇంగ్లండ్ చట్టాలను వరసగా చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. 1753 నాటి వివాహ చట్టం ప్రకారం యూదులు, క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ శాఖవారు మినహా అందరూ ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలో చేసుకున్న పెళ్లే చెల్లుబాటయ్యేది. క్యాథలిక్కులు, ఇతర ప్రొటెస్టెంటు శాఖలవారు సైతం ఆంగ్లికన్ పాదిరి ముందు నిలబడవలసిందే. ప్రభుత్వ పదవులకు ఆంగ్లికన్ విధేయతను షరతుగా పెట్టిన చట్టాలు 1828 దాకా రద్దు కాలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థి 1854 వరకూ ఆంగ్లికన్ సిద్ధాంత సూత్రాలకు సమ్మతి తెలపవలసి వచ్చేది. చర్చితో నిమిత్తం లేని పౌర వివాహానికి 1836లో గాని దారి తెరుచుకోలేదు. దేవుడి పేరిట ప్రమాణం చేయకుండా పార్లమెంటులో కూర్చోవచ్చా అన్న వివాదం 1880లో నార్తాంప్టన్ నుంచి ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లాతో మొదలై, 1886లో ఆయన తన స్థానంలో కూర్చునే దాకా సాగింది. మరో రెండేళ్లకు చట్టమే మారింది.

ఇంత నిర్బంధం ఉన్న కాలంలోనూ జనమంతా భక్తిలో మునిగి ఉన్నారనుకుంటే పొరపాటు. 1851 మార్చి 30 ఆదివారం నాడు ప్రభుత్వం ప్రార్థనా స్థలాలకు వచ్చినవారిని లెక్క పెట్టించింది. మొత్తం జనాభా సుమారు 1.8 కోట్లు, రాగలిగి ఉండీ రానివారు 50 లక్షలకు పైగా ఉన్నారని ఆ లెక్కను పర్యవేక్షించిన హొరేస్ మాన్ అంచనా వేశారు. పారిశ్రామిక నగరాల్లోని శ్రామికులు చర్చి గడప తొక్కడం లేదన్న వార్త నాటి మధ్యతరగతిని కలవరపెట్టింది. అయినా ఆ రానివారిలో ఎవరిని అడిగినా దాదాపు అందరూ తాము క్రైస్తవులమనే చెప్పి ఉండేవారు. పిల్లలకు బాప్తిస్మం, పెద్దలకు చర్చి పెళ్లి, చివరికి చర్చి ఆవరణలో సమాధి జరుగుతున్నంత కాలం మరో సమాధానం వారికి తట్టేది కాదు. ఆచరణ ముందు సడలడం, గుర్తింపు ఆ తర్వాత ఎప్పటికో పోవడం అనే వరస అప్పుడే మొదలైందని నా అభిప్రాయం.

ఆ వరసను వేగవంతం చేసింది 1960ల దశకం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1967లో గర్భస్రావాన్ని, స్వలింగ సంబంధాలను పరిమితంగా నేరాల జాబితా నుంచి తప్పించారు. 1969లో విడాకుల చట్టం సడలింది. గర్భనిరోధక మాత్ర అందుబాటులోకి వచ్చింది, వివాహిత స్త్రీలు ఉద్యోగాల్లోకి ఎక్కువగా వచ్చారు. ఈ మార్పులో కీలకం స్త్రీలేనని చరిత్రకారుడు కాలమ్ బ్రౌన్ వాదించారు: ఇంట్లో ప్రార్థన నేర్పేది, పిల్లలను ఆదివారపు బడికి పంపేది తల్లులే గనుక, వారు దూరమైతే మతాన్ని తర్వాతి తరానికి అందించే చేయి లేకుండా పోతుంది. ఆ మార్పు మొదలైన కాలాన్ని బ్రౌన్ అంత కచ్చితంగా 1963 దగ్గర గీత గీసినట్టు చెప్పడాన్ని అందరూ ఒప్పుకోరు గాని, తరాల మాట మాత్రం గట్టిదే. నడివయసులో మతం మానుకున్నవారు లేకపోలేదు. అంతకంటే ఎక్కువగా జరిగింది, భక్తి గల తాతముత్తాతలు కన్నుమూయడం, మతం ఊసే పెద్దగా లేకుండా పెరిగిన మనుమలు వారి స్థానంలోకి రావడం. తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరికీ మతం లేని ఇంట పెరిగిన బిడ్డ పెద్దయ్యాక మతంలోకి రావడం బ్రిటన్‌లో అరుదు.

అమెరికా దారి వేరు. అక్కడ జాతీయ స్థాయిలో ప్రభుత్వ చర్చి ఎన్నడూ లేకపోయినా, సోవియట్ యూనియన్‌తో సాగిన ప్రచ్ఛన్న యుద్ధం క్రైస్తవాన్ని దేశభక్తిలో భాగం చేసింది. 1954లో జెండా ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన చేరింది, 1956లో దేవునిపై నమ్మకాన్ని ప్రకటించే వాక్యం జాతీయ నినాదమైంది. నాస్తికుడంటే కమ్యూనిస్టేమోనని అనుమానించే వాతావరణంలో మతం లేదని చెప్పుకోవడానికి తెగువ కావాలి. సర్వేలు చేసే గాలప్ సంస్థ లెక్కల్లో చర్చిలో గాని మరో ప్రార్థనా స్థలంలో గాని సభ్యులమని చెప్పినవారు 1937లో 73 శాతం, 1999లో 70 శాతం. అరవయ్యేళ్లు పెద్దగా కదలని ఆ అంకె 2020కి 47కి పడిపోయింది. మధ్యలో జరిగినవి రెండు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాదిరి స్థాపించిన మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థతో మొదలై క్రైస్తవ సంప్రదాయవాద రాజకీయం రిపబ్లికన్ పార్టీతో మమేకమైంది. 1991లో సోవియట్ యూనియన్ కూలి, నాస్తికత్వానికి అంటిన శత్రుముద్ర వెలిసిపోయింది. అప్పటిదాకా చర్చితో నామమాత్రపు సంబంధం ఉన్న ఉదారవాదులు ఆ రాజకీయం నచ్చకే పేరు తీసేసుకున్నారని సామాజిక శాస్త్రవేత్తలు మైఖేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ 2002లో ప్రతిపాదించారు. అమెరికా వరకు ఇది నమ్మదగ్గ వివరణే. అటువంటి రాజకీయ కూటమి లేని దేశాల్లోనూ తగ్గుదల ఉంది గనుక, దీన్ని అన్నిచోట్లా అన్వయించలేం.

చర్చిలలో పిల్లలపై జరిగిన లైంగిక అకృత్యాలు, వాటిని కప్పిపుచ్చిన తీరు 2002లో బోస్టన్‌లో, 2009 విచారణ నివేదికతో ఐర్లాండ్‌లో బయటపడటం ఎంతోమందిని దూరం చేసింది. ఐర్లాండ్‌లో క్యాథలిక్కులు 2016లో 78 శాతం, 2022లో 69 శాతం. అయితే కుంభకోణాలతో పాటు మరొక చిన్న మార్పునూ అక్కడ గమనించాలి. ప్రాథమిక పాఠశాలల్లో అత్యధికం క్యాథలిక్ యాజమాన్యంలోనివి. సీటు కోసమే పిల్లలకు బాప్తిస్మం ఇప్పించే తల్లిదండ్రులు ఉండేవారు. 2018లో చట్టం మారి ఆ పాఠశాలలు బాప్తిస్మాన్ని ప్రవేశానికి కొలమానం చేయకూడదన్నాక ఆ కారణం పోయింది. జర్మనీలో లెక్క మరింత నిక్కచ్చి: చర్చి సభ్యుడి ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం అదనంగా ప్రభుత్వమే వసూలు చేసి చర్చికి ఇస్తుంది. వద్దనుకున్నవారు అధికారుల ముందు లాంఛనంగా వైదొలగాలి. 2022లో ఒక్క క్యాథలిక్ చర్చినుంచే 5.2 లక్షలమంది అలా వెళ్లిపోయారు.

ఇక్కడ అడిగే తీరునూ మరిచిపోకూడదు. ‘మీ మతం ఏమిటి?’ అనే ఇంగ్లండ్ జనగణన ప్రశ్న, ఏదో ఒక మతం ఉండే ఉంటుందని ముందే అనుకుంటుంది. ‘మీరు ఏదైనా మతానికి చెందినవారిగా భావిస్తారా?’ అని అడిగే బ్రిటిష్ సామాజిక వైఖరుల సర్వేలో 2018 నాటికే 52 శాతం ఏ మతమూ లేదన్నారు. 2001 జనగణనలో 3.9 లక్షలమంది ఒక సినిమాలోని కల్పిత మతం పేరు రాసి తమాషా చేశారు. ప్రశ్నను గంభీరంగా తీసుకోనివారూ ఉంటారన్నమాట. ఆస్ట్రేలియా 2016లో ‘మతం లేదు’ అనే గడిని జాబితాలో పైకి తెచ్చింది. తగ్గుదల అంతా ఇలాంటి మార్పుల వల్లే అనలేం, కానీ అంతకుముందు మొహమాటానికి పాత గడిలోనే గీత పెట్టినవారు కొందరు అప్పుడు బయటికి వచ్చి ఉంటారు.

పాశ్చాత్య దేశాల్లో తగ్గుతోందంటే ప్రపంచంలో క్రైస్తవులు కరిగిపోతున్నారని కాదు. ప్యూ లెక్కన 2020లో వారు 230 కోట్లు, మునుపటికంటే ఎక్కువే. వాటా మాత్రం 2010 కంటే 1.8 పాయింట్లు తగ్గి 28.8 శాతానికి చేరింది. ఐరోపాకంటే సహారా దిగువ ఆఫ్రికాలో ఇప్పుడు ఎక్కువమంది క్రైస్తవులున్నారు. అమెరికాలోనూ 2019 నుంచి ఈ అంకె దాదాపు నిలకడగా 60–64 శాతం మధ్య తిరుగుతోంది. దీన్ని కొందరు పునరుజ్జీవనమంటున్నారు. అది తొందరపాటు: అదే సర్వేలో అత్యంత వృద్ధుల్లో 80 శాతం క్రైస్తవులు కాగా 18–24 ఏళ్లవారిలో 46 శాతమే. ఆ యువతరం వయసుతో పాటు చర్చివైపు మళ్లితే తప్ప, ఈ నిలకడ ఎక్కువకాలం ఉండదు.