ఎముక అతికాక మిగిలే వైద్యం

విశాఖపట్నంలో ఓడల మరమ్మతు దగ్గర వెల్డింగ్ చేసే కార్మికుడికి మణికట్టు ఎముక విరిగితే, సుమారు 6 వారాలకు కట్టు విప్పుతారు. ఎక్స్‌రేలో ఎముక కలిసినట్టు కనబడగానే ఇంటివాళ్లూ, మేస్త్రీ, ఒక్కోసారి వైద్యుడు కూడా చికిత్స ముగిసిందనే భావిస్తారు. నిజానికి అప్పటికి అతికింది ఎముక మాత్రమే. హోల్డరు పట్టుకొని గంటల తరబడి చెయ్యెత్తి ఉంచగల బలం, వేళ్ల పట్టు, ఓడ లోపలి ఇరుకు గదుల్లో వేడిని తట్టుకునే శక్తి ఇంకా తిరిగి రాలేదు. పునరావాస వైద్యం పని అక్కడే మొదలవుతుంది. మన దగ్గర దానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదని నా అభిప్రాయం.

పూర్తిగా మంచానికి పరిమితమైన మనిషి రోజుకు దాదాపు 1 శాతం చొప్పున కండరబలం కోల్పోతాడు. పోయినంత త్వరగా అది తిరిగి రాదు. ఎముక కూడా తన మీద పడే భారాన్ని బట్టే లోపలి నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించాడు. యంత్రంలో పడి వేలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) తెగినప్పుడు, కుట్టిన తర్వాత వేలిని అసలు కదలనివ్వకపోతే ఆ స్నాయువు చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి వేలు ముడుచుకోకుండా పోతుంది. అందుకే నిపుణులు కొద్ది రోజుల్లోనే, పట్టీ రక్షణలో, కొలిచినట్టుగా కదలికలు మొదలుపెట్టిస్తారు.

బరువులెత్తే కలాసీలను తరచుగా బాధించే నడుంనొప్పి విషయంలో విశ్రాంతి మీద మనకున్న నమ్మకం మరీ బలమైనది. హెల్సింకి నగరపాలక ఉద్యోగులపై జరిగి 1995లో వెలువడిన అధ్యయనంలో, రెండు రోజులు మంచం మీద ఉన్నవారికన్నా, ప్రత్యేక వ్యాయామాలు చేసినవారికన్నా, ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు కొనసాగించినవారే త్వరగా కోలుకున్నారు. (కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా సంగతి వేరు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.) కదిలితే మళ్లీ దెబ్బతింటుందన్న భయం నొప్పికి తోడైతే, మనిషి కదలడం మానేస్తాడు, కదలనికొద్దీ శరీరం బిగుసుకుపోయి నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆ భయాన్ని మందుబిళ్ల పోగొట్టదు. చేయగలిగిన చిన్న పని చేసి చూసుకున్నప్పుడే అది తగ్గుతుంది.

పని చోటును వైద్యంలో కలుపుకుంటే ఏమవుతుందో కెనడాలోని క్యుబెక్ పరిశోధకులు 1997లో చూపించారు. నడుంనొప్పితో పని మానిన కార్మికులలో కొందరికి వైద్యంతో పాటు, నిపుణులు వారి పని ప్రదేశానికి వెళ్లి, యాజమాన్యంతోనూ కార్మికులతోనూ మాట్లాడి పని తీరులో మార్పులు చేయించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే వీరు 2.4 రెట్లు వేగంగా తమ పాత పనిలోకి చేరుకున్నారు.

విశాఖలో దీనికి వేడిని కూడా చేర్చుకోవాలి. సముద్రపు తేమలో చెమట సరిగా ఆరదు. కొలిమి దగ్గర పనికి అలవాటుపడిన శరీరం వారం పైబడి దూరమైతే ఆ అలవాటును చాలావరకు పోగొట్టుకుంటుంది. అనుభవమున్న కార్మికుడు తిరిగి వచ్చినప్పుడు వేడిలో గడిపే సమయం మొదటి రోజు 50 శాతం, రెండో రోజు 60, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తిగా ఉండాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. గాయం నుంచి లేచినవారికి ఇంకా నిదానం అవసరం.

ఇలా మెట్టుమెట్టుగా పనిలోకి తిరిగి రావడానికే మన ఏర్పాట్లలో చోటు తక్కువ. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా పథకం) పరిధిలోని కార్మికుడికి పనిలో గాయమైతే, పని చేయలేని కాలానికి వేతనంలో సుమారు 90 శాతం నగదు సాయంగా అందుతుంది. ఇది ఎంతో విలువైన రక్షణ. అయితే వేతనం తీసుకొని పనిచేసిన రోజుకు ఆ సాయం రాదు కనుక, సగం పూట పనితో మొదలుపెట్టాలనుకునేవాడికి మిగతా సగం పూట కూలి ఎవరిస్తారన్నది తేలదు. శాశ్వత ఉద్యోగికి లైట్ డ్యూటీ అడిగే వీలైనా ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడు కోలుకునేలోగా కాంట్రాక్టరే మారిపోవచ్చు. కనీసం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద ‘ఫిట్’ అన్న ఒక్క మాటకు బదులుగా ఎన్ని కిలోల బరువు ఎత్తవచ్చు, ఎంతసేపు నిలబడవచ్చు, నిచ్చెన ఎక్కవచ్చా, వేడిలో ఎంతసేపు ఉండవచ్చు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలి అన్నవి తెలుగులో రాసి ఇస్తే, సూపర్‌వైజరుకు చూపించడానికి కార్మికుడి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.